ఇండియన్ ఓపెన్ అంటే ఏది గుర్తొస్తోంది?

అందరికీ నమస్కారం అండి. మొన్న అరండల్‌పేటలో టీ తాగుతూ మా వాడితో ఇండియన్ ఓపెన్ సంగతేదో చెప్పబోయాను. నోట్లో మాట పూర్తవకముందే, "మన శ్రీకాంత్ కొట్టాడే, అదేనా?" అన్నాడు. వాణ్ణి తప్పు పట్టలేను. గుంటూరులో ఎవర్ని కదిపినా అదే చెబుతారు. 2015 మార్చిలో కిడాంబి శ్రీకాంత్ ఢిల్లీలో గెలిచింది ఇండియా ఓపెన్ బ్యాడ్మింటన్. నేను చెప్పబోయింది ఇండియన్ ఓపెన్ గోల్ఫ్. దానికి సుమారు నెల ముందు, అదే ఢిల్లీలో, మన గోల్ఫర్ అనిర్బన్ లాహిరి ఆ టైటిల్ కొట్టాడండీ. ఆఖరి రోజు ఏడు షాట్లు వెనకబడి మొదలెట్టి, స్కోర్లు సమం చేసి, విజేతను తేల్చే అదనపు ఆట, ప్లేఆఫ్ దాకా లాక్కెళ్ళి మరీ గెలిచాడు.

ఆ తర్వాత బ్యాడ్మింటన్ ఓపెన్ పైకెళ్ళింది. 2023లో సూపర్ 750 అయింది, అంటే ప్రపంచ బ్యాడ్మింటన్ టోర్నీల్లో పై స్థాయిల్లో ఒకటి. గోల్ఫ్ ఓపెన్ ఏమో మన దేశంలోనే రెండో వరసలోకి జారిపోయింది.

2025నే తీసుకోండి. మార్చి నెలాఖర్లో గురుగ్రామ్ డీఎల్ఎఫ్ కోర్సులో ఇండియన్ ఓపెన్ జరిగింది. ప్రైజ్ మనీ 22.5 లక్షల డాలర్లు. స్పెయిన్ కుర్రాడు యుజీనియో చకారా గెలిచాడు. సరిగ్గా అదే వారం ప్రపంచ గోల్ఫ్‌లో పెద్ద పేరున్న రోరీ మెకిల్రాయ్ అమెరికాలో, హ్యూస్టన్‌లో ఆడుతున్నాడు. ఏప్రిల్‌లో గోల్ఫ్‌లో అతి పెద్ద టోర్నీల్లో ఒకటైన మాస్టర్స్ అమెరికాలో పెట్టుకుని ఏ పెద్ద ఆటగాడైనా అటే ఉంటాడు కదా! ఇక అక్టోబరు వచ్చింది. ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌లో ఒక కంపెనీ పేరుతో కొత్త టోర్నీ పెట్టారు, డీపీ వరల్డ్ ఇండియా ఛాంపియన్‌షిప్. 40 లక్షల డాలర్లు. మెకిల్రాయ్ వచ్చాడు, ఇంగ్లండ్ ఆటగాడు టామీ ఫ్లీట్‌వుడ్ వచ్చి గెలుచుకుపోయాడు. రెండూ ఒకే టూర్, అంటే ఏడాది పొడుగునా సాగే ఒకే టోర్నీల వరస లెక్కలోకొచ్చేవే.

మెకిల్రాయ్ మన దేశం వచ్చాడంటే నాకూ సంతోషమే. నాలుగు రోజులూ టీవీ ముందు నుంచి లేవలేదు. కానీ ఆ ఢిల్లీ క్లబ్ ఎవరిదండీ? 1964లో మొట్టమొదటి ఇండియన్ ఓపెన్ జరిగింది అక్కడే. బ్రిటిష్ ఓపెన్ ఐదుసార్లు గెలిచిన పీటర్ థామ్సన్ దానికి తొలి విజేత. 1991లో మన అలీ షేర్ గెలిచిందీ అక్కడే. అదే క్లబ్‌లో ఆటగాళ్ళ బ్యాగులు మోసిన కేడీ ఆయన! బంతి కొట్టే గడ్డి దారి, ఫెయిర్‌వేకి రెండు పక్కలా దట్టమైన పొదలు, మధ్యలో పాత సమాధులు, తిరుగుతుండే నెమళ్ళు. బంతి అంగుళం పక్కకెళ్ళిందా, పొదలో వెతుక్కోవడమే. మెకిల్రాయ్ అంతటివాడు కూడా అక్కడ డ్రైవర్, అంటే బంతిని బాగా దూరం కొట్టే కర్ర, బయటికి తియ్యనన్నాడు. ఇండియన్ ఓపెన్‌కి ఉన్న ఆస్తి అది. అదిప్పుడు పరాయి టోర్నీకి పోయింది.

మన గోల్ఫర్ చౌరాసియా గురించి చెప్పకుండా ఈ వీడియో ముగించలేను. ఎస్‌ఎస్‌పీ చౌరాసియా నాన్న రాయల్ కలకత్తా గోల్ఫ్ క్లబ్‌లో గ్రీన్‌కీపర్. గడ్డి కత్తిరించి, నీళ్ళు పెట్టి చూసుకునే ఉద్యోగం. ఆ గడ్డి మీదే ఈయన ఆట నేర్చుకున్నాడు. ఇండియన్ ఓపెన్‌లో 1999లో రెండో స్థానం. 2006లో రెండో స్థానం. 2013లో మళ్ళీ. 2015లో లాహిరి ప్లేఆఫ్‌లో ఓడించింది ఈయన్నే. పదహారేళ్ళు అలా తలుపు దగ్గరదాకా వచ్చి ఆగిపోయాడండీ. 2016లో గెలిచాడు. 2017లో గురుగ్రామ్‌లో మళ్ళీ గెలిచాడు, ఈసారి ఏడు షాట్ల తేడాతో. ఆ తర్వాత 2025 దాకా మనవాడు ఒక్కడూ ఆ కప్పు ఎత్తలేదు. మధ్యలో కోవిడ్ వల్ల మూడేళ్ళు అసలు జరగనే లేదు.

బ్యాడ్మింటన్‌లో సూపర్ 750 అంటే టాప్ ర్యాంకర్లు ఆడి తీరాలని రూల్ ఉంది. గోల్ఫ్‌లో అలాంటి కట్టడి లేదు, ఆటగాడికి నచ్చితేనే వస్తాడు. రావాలంటే తేదీ కలిసి రావాలి, కోర్సు నోరూరించాలి. అందుకే మన దేశంలో గోల్ఫ్‌ని నడిపే ఇండియన్ గోల్ఫ్ యూనియన్‌ని నేను అడిగేది ఒక్కటే. మార్చి వదిలెయ్యండి. ఓపెన్‌ని చలికాలానికి మార్చండి, ఢిల్లీ గోల్ఫ్ క్లబ్‌కి తిరిగి తీసుకెళ్ళండి. వీలైతే అక్టోబరులో జరిగిన ఆ పెద్ద టోర్నీ పక్క వారంలోనే పెట్టండి. వచ్చినవాళ్ళలో నలుగురు ఆగినా చాలు.

ఆ రోజు టీ కొట్టు దగ్గర మా వాడికి ఫోన్‌లో చౌరాసియా గెలిచిన 2016 ఆఖరి రోజు వీడియో పెట్టాను. గోల్ఫ్ అంటే బొత్తిగా తెలియనివాడు, టీ చల్లారిపోతున్నా కళ్ళు తిప్పలేదు. అంతా చూసి, "ఈయన గురించి మనకెవరూ చెప్పలేదేంట్రా?" అన్నాడు.