హారర్ సినిమా ఏ వయసులో ఎక్కడ పట్టుకుంటుంది?

1983లో అమెరికా టీవీలో 'ద డే ఆఫ్టర్' అని ఒక సినిమా వేశారు. అణుబాంబులు పడితే మామూలు జనం ఏమైపోతారన్నది కథ. దీన్ని పిల్లలు చూస్తే ఏమైపోతారో అని ముందు నుంచే పెద్ద చర్చ. ప్రసారం అయ్యాక జోఆన్ కాంటర్ అనే పరిశోధకురాలు, ఆమెతో పనిచేసేవాళ్లు ఎవరు ఎంత భయపడ్డారని ఆరా తీశారు. అందరికంటే తక్కువ కలవరపడింది బాగా చిన్నపిల్లలు. టీనేజ్ వాళ్లు అంతకంటే ఎక్కువ. అందరికంటే ఎక్కువ కదిలిపోయింది తల్లిదండ్రులు.

నమస్కారం అండీ. ఇవాళ ఏదో ఒక్క సినిమా రివ్యూ చేయడం లేదు. భయాన్నే రివ్యూ చేద్దాం. ఒకప్పుడు దుప్పటి ముసుగేసుకుని చూసిన సినిమాకి ఇప్పుడు నవ్వొస్తుంది. అప్పుడు బోర్ కొట్టిన సీన్ ఇప్పుడు కడుపులో దేవేస్తుంది. సినిమాలో ఒక్క ఫ్రేమ్ కూడా మారలేదు కదా, మరి ఏం మారింది?

చిన్నపిల్లల దగ్గర మొదలుపెడదాం. మూడు నాలుగేళ్ల పిల్లలకి కథతో పని లేదు, కంటికి ఏం కనపడుతోందో అదే ముఖ్యం. 'ది ఇన్‌క్రెడిబుల్ హల్క్' సీరియల్‌తో కూడా కాంటర్ వాళ్లు ఇలాంటి పరిశీలనే చేశారు. అందులో హీరోకి కోపం వస్తే ఆకుపచ్చ రంగు భారీకాయుడు అయిపోతాడు. మనకి అది ఈల వేసే చోటు, ఎందుకంటే ఇక విలన్ పని అయిపోయిందని తెలుసు. చిన్నపిల్లలు సరిగ్గా అక్కడే బిగుసుకుపోయారు. మంచివాడు మంచివాడిగానే ఉన్నాడన్నది వాళ్లకి అందలేదు, మొహం మారిపోయింది, అంతే. కాస్త పెద్ద పిల్లలకి అక్కడ భయం పోయింది. వాళ్ల టెన్షన్ అంతా అంతకుముందు, హీరో ప్రమాదంలో ఉన్నప్పుడు.

అందుకే అణుబాంబు సినిమా చిన్నవాళ్లని అంతగా తాకలేదు. అందులో కోరలు లేవు, మొహం మీదకి వచ్చే భూతం లేదు. పట్టణమే లేకుండా పోతే రేపు అన్నం ఎవరు పెడతారు, డాక్టర్ ఎక్కడ దొరుకుతాడు అనే ఆలోచన రావాలంటే లోకం ఎలా నడుస్తుందో తెలిసి ఉండాలి. భయపడటానికి కూడా కొంత జ్ఞానం కావాలన్నమాట.

ఇంకో మాట. భయపడిన చిన్నపిల్లాడికి మనం చెప్పే మొదటి ముక్క, "అదంతా ఉత్తిదే రా, సినిమా కదా!" ఐదారేళ్ల లోపు వాళ్ల మీద ఇది పెద్దగా పనిచేయదు. దగ్గరికి తీసుకోవడం, చేతికి ఇష్టమైన బొమ్మ ఇవ్వడం చాలా నయం. 'ఉత్తిదే' అనే వాదన ఎనిమిదేళ్లు దాటినవాళ్లకి పనికొస్తుంది.

ఇక జంప్ స్కేర్, అంటే ఒక్కసారిగా పెద్ద శబ్దంతోనో, ఏదో మీదకి వచ్చినట్టు చూపించో ఉలిక్కిపడేలా చేయడం. మా ఛానల్ చూసేవాళ్లకి నా సంగతి తెలుసు, దీని మీద నాకు పెద్ద గౌరవం లేదు. కానీ అది పుట్టిన తీరు మాత్రం అద్భుతం. 1942లో 'క్యాట్ పీపుల్' అని ఒక సినిమా వచ్చింది. రాత్రి పూట ఒకామె ఒంటరిగా నడుస్తుంటుంది. వెనక ఇంకెవరివో అడుగుల చప్పుడు. కాసేపటికి ఆ చప్పుడు ఆగిపోతుంది, మనకి ఊపిరి ఆడదు. అప్పుడు బుస్సుమని పెద్ద శబ్దం. ఏంటా అని చూస్తే బస్సు వచ్చి ఆగింది. అంతే! నిర్మాత వాల్ లూటన్ పేరు మీద ఆ ట్రిక్కుని సినిమావాళ్లు ఇప్పటికీ 'లూటన్ బస్' అంటారు. ఆ బస్సుకి ముందు నడిపించిన నిశ్శబ్దం చూడండి, పని అంతా అక్కడ జరిగింది. ఇప్పుడు చాలామంది ఆ నడకని కోసేసి బస్సు ఒక్కటే పంపిస్తున్నారు.

పెద్ద శబ్దానికి ఉలిక్కిపడటం అనేది మన చేతుల్లో లేని పని. సెకనులో చిన్న ముక్క గడిచేలోపే కళ్లు మూసుకుపోతాయి, భుజాలు పైకి లేస్తాయి. అక్కడ ఏముందో మెదడు తేల్చుకునే లోపే ఒళ్లు తన పని చేసేస్తుంది. డెబ్బై ఏళ్ల మనిషి చెవి దగ్గర పళ్లెం పడేసినా ఉలిక్కిపడతాడు, దాన్ని దర్శకత్వం అనం కదా. వయసుతో మారేది ఏంటంటే, ఆ దెబ్బ ఎక్కడ పడుతుందో ముందే తెలిసిపోతుంది. పాత్రని ఫ్రేమ్‌లో ఒక పక్కకి నెట్టి రెండో పక్క ఖాళీగా వదిలారా, ఏదో వస్తోంది. బాత్‌రూమ్ అద్దం తలుపు తెరిచారా, మూసేటప్పుడు వెనకాల ఎవరో ఉంటారు. వంద సినిమాలు చూసినవాడికి ఇది లెక్కల పుస్తకం వెనక జవాబులు చూసినట్టే.

కానీ సౌండ్ అలా కాదు, ఎంత అనుభవం ఉన్నా లొంగాల్సిందే. డేనియల్ బ్లమ్‌స్టైన్ అని ఒక జీవశాస్త్రవేత్త. ఆయన చూసేది మార్మట్ అనే ఉడత జాతి జంతువుల్ని. వాటి పిల్లల్ని పట్టుకున్నప్పుడు అవి గొంతు చీలిపోయేలా, శ్రుతి తప్పి అరిచే అరుపు ఆయన్ని కదిలించింది. ఆ తర్వాత ఆయన బృందం సినిమా సౌండ్‌ట్రాక్‌లు తీసి పరిశీలించి 2010లో ఒక పేపర్ వేసింది. హారర్ సినిమాల్లో అలాంటి పగిలిన, గరగరలాడే అరుపులు ఎక్కువ ఉన్నాయని తేలింది. 'సైకో' షవర్ సీన్ తలుచుకోండి, 1960 నాటిది. దర్శకుడు హిచ్‌కాక్ మొదట ఆ సీన్‌కి మ్యూజిక్కే వద్దన్నాడు. సంగీతం చేసిన బెర్నార్డ్ హెర్మన్ మాట వినకుండా చేసి వినిపించాడు, హిచ్‌కాక్ ఒప్పుకున్నాడు. అవి వయొలిన్‌లే, కానీ గాయపడ్డ జంతువులా అరుస్తాయి. నమ్మకం లేకపోతే మీకు బాగా భయం వేసిన సీన్ ఏదైనా మ్యూట్‌లో పెట్టి చూడండి. సగానికి సగం సీన్లు ఎవరో తలుపు తీస్తున్నట్టే ఉంటాయి.

టీనేజ్ గురించి ఎక్కువ చెప్పను. ఆ వయసులో హారర్ అంటే పందెం. పక్కన ఫ్రెండ్స్ ఉండాలి, ఎవడు కళ్లు మూసుకున్నాడో చూడాలి, బయటికొచ్చి పగలబడి నవ్వాలి. భయం దిగిపోయాక వచ్చే ఆ హుషారు కోసమే సగం టికెట్లు తెగుతాయి. తప్పేం లేదు.

నాకు అసలు ఆసక్తి ఆ తర్వాతే. 'ది ఎక్సార్సిస్ట్' తీసుకుందాం. 1973, దర్శకుడు విలియం ఫ్రీడ్‌కిన్, దెయ్యం పట్టిన ఒక పిల్ల కథ. ఈ సినిమాని చిన్నప్పుడు దొంగచాటుగా చూసినవాళ్లని అడగండి. ఆ పిల్ల తల గిర్రున వెనక్కి తిరిగిపోవడం, ఆకుపచ్చ వాంతి, ఆ గొంతు, ఇవే చెబుతారు. అదే మనిషికి నలభై ఏళ్లు వచ్చాక మళ్లీ చూపించండి. తల తిరిగే సీన్‌కి చిన్న నవ్వు నవ్వొచ్చు. ఆసుపత్రి సీన్‌లో మాత్రం కుర్చీలో కదలకుండా ఉండలేడు.

ఆ సీన్‌లో దెయ్యం లేదు. పన్నెండేళ్ల పిల్లని బల్ల మీద పడుకోబెడతారు. మెడలోకి సూది దించుతారు, రక్తం చిమ్ముతుంది. భయపెట్టే మ్యూజిక్ లేదు, మిషన్లు దడదడమంటుంటాయి. డాక్టర్లు మర్యాదగా, తమ పని తాము చేసుకుపోతుంటారు. ఇంతా చేస్తే రిపోర్టుల్లో ఏమీ లేదు! ఇంకో టెస్ట్, ఇంకో స్పెషలిస్ట్. చివరికి ఆ డాక్టర్లే తల్లితో భూతవైద్యం సంగతి ఎత్తుతారు. తల్లి పాత్ర వేసిన ఎలెన్ బర్‌స్టిన్ మొహం చూడండి అప్పుడు. ఇన్ని చదువులు చదివినవాళ్లు చేతులెత్తేశారని ఒక తల్లికి అర్థమయ్యే క్షణం అది. సొంత మనిషిని లోపల పడుకోబెట్టి, కారిడార్‌లో బెంచీ మీద కూర్చున్న అనుభవం ఒక్కసారి ఉన్నా చాలు, ఆ సీన్ ఎక్కడ తగులుతుందో చెప్పక్కర్లేదు.

అదే సినిమాలో ఫాదర్ కరాస్ అని ఒక చర్చి ఫాదర్ ఉన్నాడు, దెయ్యాన్ని వదిలించడానికి వచ్చేవాడు. ముసలి తల్లిని ఒంటరిగా వదిలేశానని కుమిలిపోతుంటాడు, ఆమె ఒంటరిగానే పోతుంది. దెయ్యం అతని మీదకి గోళ్లతో రాదు, వాళ్లమ్మ గొంతుతో మాట్లాడుతుంది. చిన్నప్పుడు ఈ ట్రాక్ అంతా ఫార్వర్డ్ చేసే సరుకు. ఇప్పుడు నన్నడిగితే సినిమాలో అన్నిటికంటే క్రూరమైన ముక్క అదే.

నా అభిప్రాయం ఏంటంటే, భయంలో సగమే దర్శకుడు తెస్తాడు. రెండో సగం మన దగ్గర పోగొట్టుకోవడానికి ఏముందన్న దాన్ని బట్టి వస్తుంది. పదేళ్లప్పుడు నా ఒళ్లు నాకుంటే చాలు. తర్వాత ఆ లిస్టు పెరుగుతూ పోతుంది, పిల్లలు, అమ్మానాన్నలు, ఉద్యోగం, చివరికి మన బుర్ర మన మాట వినడం కూడా. 2014లో వచ్చిన 'ది బాబడూక్' కుర్రాళ్లకి నల్లకోటు భూతం కథ. నిద్రలేని తల్లులకి అది సొంత బిడ్డ మీద వచ్చే కోపం గురించిన కథ. భూతం తెర మీద లేని చోట కూడా వాళ్లకి వణుకే.

దీనికి ఒక తిరకాసు కూడా ఉంది. కొన్ని విషయాల్లో వయసు పెరిగేకొద్దీ దెయ్యమే మెత్తబడుతుంది. బాగా దగ్గరివాళ్లని పోగొట్టుకున్న మనిషిని కూర్చోబెట్టి, చనిపోయినవాళ్లు అదే ఇంట్లో తిరుగుతున్నారని ఒక సినిమా చూపించండి. "నిజంగా అలా ఉంటే బాగుండు" అని ఆ మనిషి అనుకోదని ఏమిటి నమ్మకం? కుర్రాళ్లని మంచం కింద దూరేలా చేసిన సీన్ ఇక్కడ ఓదార్పు అవుతుంది. దర్శకులు ఈ ప్రేక్షకుడిని తలుచుకునేది చాలా తక్కువ.

తలుచుకున్న ఒక సినిమా పేరు చెప్పి ముగిస్తాను. 'రెలిక్', 2020, ఆస్ట్రేలియా సినిమా, నాటలీ ఎరికా జేమ్స్ దర్శకత్వం. అమ్మమ్మ, అమ్మ, మనవరాలు, ఒక పాత ఇల్లు. కనపడకుండా పోయిన అమ్మమ్మ తిరిగొస్తుంది, కానీ మతిమరుపు ముదురుతోంది. ఇంటి గోడలకి నల్లటి బూజు పాకుతోంది, తెలిసిన గదులే దారి తప్పిస్తున్నాయి. మతి తప్పుతున్న మనిషి బుర్రలో తిరగడం ఎలా ఉంటుందో ఇంటి రూపంలో కట్టి చూపించారు. నిడివి గంటన్నర. మొదటి అరగంట నెమ్మది, అక్కడ కొంచెం కత్తిరించి ఉండొచ్చు. చివరి ఇరవై నిమిషాల గురించి ఏమీ చెప్పను.

కాలేజీ తమ్ముళ్లు, చెల్లెళ్లు, మీకు ఇది బోర్ కొట్టే అవకాశం ఎక్కువ, పావుగంటకే ఫోన్ చేతిలోకి వస్తే నేను తప్పు పట్టను. నలభై దాటినవాళ్లు తప్పకుండా చూడండి. ఇంట్లో పెద్దవాళ్లకి ఇప్పుడిప్పుడే పేర్లు గుర్తురాకపోవడం మొదలై ఉంటే మాత్రం, ఈ వారానికి వదిలేయండి.