కేస్ షీట్‌లో గడి లేని సంగతులు

వేదికపై ఉన్న పెద్దలకు, తోటి సిస్టర్లకు, నర్సింగ్ విద్యార్థినీ విద్యార్థులకు నమస్కారం.

పధ్నాలుగేళ్లు వార్డుల్లో పనిచేసి, ఆ తర్వాత వైద్య సాంకేతికతలోని నైతిక ప్రశ్నలపై పరిశోధనకు వచ్చినదాన్ని నేను. ఇంజెక్షన్ చేసే చేతులకు సాఫ్ట్‌వేర్‌తో ఏం పని అని అడిగినవారికి నేను ఒక నైట్ డ్యూటీ గురించి చెబుతుంటాను.

ఆయాసంతో ఒక చెరకు కూలీని తీసుకొచ్చారు. బాగా నల్లటి మనిషి. రక్తంలో ఆక్సిజన్ శాతాన్ని కొలవడానికి వేలికి పెట్టిన పల్స్ ఆక్సీమీటర్ 94 చూపిస్తోంది. ఆయన మాత్రం మంచం అంచు పట్టుకుని ముందుకు వంగి కూర్చున్నాడు, ముక్కుపుటాలు ఎగురుతున్నాయి, రెండు మాటలు మాట్లాడితే మూడో మాటకు ఊపిరి చాలడం లేదు. డ్యూటీ డాక్టరును పిలిచి, ధమని నుంచి రక్తం తీసి పరీక్షిస్తే ఆక్సిజన్ చాలా తక్కువగా ఉందని తేలింది. కంప్యూటర్ రికార్డులో 94కు గడి ఉంది. నేను కళ్లారా చూసినదానికి గడి లేదు.

ఆక్సీమీటర్ వేలి గుండా కాంతిని పంపి లెక్క కడుతుంది. చర్మం రంగు ఆ లెక్కను తప్పించగలదు. 2020 డిసెంబరులో న్యూ ఇంగ్లండ్ జర్నల్ ఆఫ్ మెడిసిన్‌లో వచ్చిన అధ్యయనంలో, యంత్రం 92 నుంచి 96 మధ్య చూపిస్తున్నా నిజానికి ఆక్సిజన్ 88 కంటే తగ్గినవారు తెల్లవారిలో 3.6 శాతం ఉంటే, నల్లజాతివారిలో 11.7 శాతం ఉన్నారు. ఏ రోగికి ముందు మంచం ఇవ్వాలో సూచించే ప్రోగ్రాములు పాఠం నేర్చుకునేది ఇలాంటి అంకెల నుంచేనని గుర్తుంచుకుంటే, ఆ రాత్రి నాకు కలిగిన భయం మీకూ అర్థమవుతుంది.

యంత్రాలు వద్దని నేను అనడం లేదు. మన చిత్తూరు జిల్లా అరగొండలో టెలిమెడిసిన్ కేంద్రాన్ని 2000 మార్చిలో అప్పటి అమెరికా అధ్యక్షుడు బిల్ క్లింటన్ ప్రారంభించారు. పట్నంలోని స్పెషలిస్టు పల్లెలోని రోగికి అందడం ఎంత పెద్ద మేలో ఈ జిల్లాలో పుట్టినవారికి నేను చెప్పనక్కర్లేదు.

అయితే రోగిని అడిగి చేసే పనికి, అడిగినట్టు రాసుకునే పనికి చాలా తేడా ఉంది. ఒక ఓపీ కౌంటరు దగ్గర నేను చూసింది చెబుతాను. చంద్రగిరి వైపు నుంచి వచ్చిన ఒక అవ్వకు 14 అంకెల ఆభా నంబరు, అంటే ఆరోగ్య రికార్డులను కంప్యూటర్‌లో ఒకచోట కలిపే గుర్తింపు సంఖ్య, తీస్తున్నారు. ఓటీపీ చెప్పమంటే ఆమె, "అది మా అబ్బోడి ఫోనుకు వస్తాది మా, వాడు బెంగుళూరులో ఉండాడు" అంది. ఎవరో ఫోన్ చేశారు, కొడుకు ఆరు అంకెలు చదివాడు, తెర మీద టిక్కు పడింది. ఆభా తీసుకోవడం స్వచ్ఛందమని ఆమెకు ఎవరూ చెప్పలేదు. చీటీ కోసం వెనుక అంత పెద్ద వరుస ఉండగా కౌంటరులోని అమ్మాయికి చెప్పే తీరిక లేదని నేను ఒప్పుకుంటాను. కానీ రికార్డు మాత్రం ఆమె సమ్మతించిందనే చెబుతుంది.

2023 నాటి డిజిటల్ వ్యక్తిగత డేటా రక్షణ చట్టం ప్రకారం సమ్మతి స్వేచ్ఛగా, తెలిసి ఇచ్చినదై ఉండాలి. ఏ వివరాలు ఎందుకు తీసుకుంటున్నారో చెబుతూ దానికి ముందు ఇచ్చే నోటీసును రాజ్యాంగం ఎనిమిదో షెడ్యూలులోని 22 భాషల్లో కోరుకున్నదానిలో చదువుకునే వీలుండాలి. ఇచ్చినంత సులువుగా వెనక్కి తీసుకోగలగాలి. తెలుగులో నోటీసు ఉన్నంత మాత్రాన చదవడం రాని అవ్వకు అది చేరదు. అందుకే నా పరిశోధనలో మేము ఆ నోటీసును మన చిత్తూరు యాసలోకి మార్చి, ఓపీలో కూర్చున్నవారికి చదివి వినిపిస్తున్నాం. మొత్తం విన్నాక ఒక పెద్దామె నన్ను, "రేపు నా కాయితాలు తీసేయమంటే ఎవురికి చెప్పాల?" అని అడిగింది. నేను ఆమెను వెంటబెట్టుకుని కౌంటరుకు వెళ్లి అదే ప్రశ్న అడిగాను. అక్కడున్న నలుగురిలో ఒక్కరికీ జవాబు తెలియదు. ఈ ఏడాది మీ శిక్షణలో మొదట చేర్చమని నేను కోరుతున్నది ఆ జవాబునే.