యంత్రాన్ని ప్రశ్నించే హక్కు

శ్రోతలకు నమస్కారం.

“కంప్యూటర్‌లో ఇలాగే చూపిస్తోందండీ, మా చేతుల్లో ఏమీ లేదు” అన్న జవాబు వినని వారు ఈ రోజుల్లో చాలా తక్కువ. ఆ మాట చెప్పిన ఉద్యోగి అబద్ధమాడడం లేదు. విన్న మనకూ అంతకు మించి అడగడానికి ఏమీ తోచదు. నేను కంప్యూటర్ సైన్స్ చదువుకుంటున్న విద్యార్థిని. ఈ యంత్రాలంటే నాకు ఎంతో ఇష్టం, రేపటి నా బతుకుతెరువు కూడా వీటితోనే. బహుశా అందువల్లనే, మాట అక్కడితో ఆగిపోవడం నన్ను కలవరపెడుతుంది. యంత్రం చెప్పింది గనుక నిజమే అయి ఉంటుందని నమ్మడం ఆధునికతగా చలామణి అవుతోంది గానీ, ఆ నమ్మకంలో విజ్ఞానశాస్త్రం ఏమీ లేదని నా అభిప్రాయం. ఒక కొలత మీద అనుమానం వస్తే మళ్లీ కొలిచి చూడడం, అవసరమైతే కొలిచిన పరికరాన్నే పరీక్షకు పెట్టడం శాస్త్రం నేర్పే మొదటి అలవాటు. ప్రయోగశాలలోని త్రాసుకు వర్తించే ఆ నియమం, మనుషుల జీవితాల మీద నిర్ణయాలు చేసే సాఫ్ట్‌వేర్‌కు మాత్రం ఎందుకు వర్తించకూడదు?

ప్రోగ్రామింగ్ నేర్చుకునే విద్యార్థులు తొలినాళ్లలోనే చూసే ఒక చిన్న వింత ఉంది. 0.1, 0.2 అనే రెండు సంఖ్యలిచ్చి కూడమంటే, చాలా ప్రోగ్రామింగ్ భాషల్లో కంప్యూటర్ చూపే జవాబు సరిగ్గా 0.3 కాదు, ఆ మూడు తర్వాత పదిహేను సున్నాలు, వాటి చివర ఒక నాలుగు కనిపిస్తాయి. యంత్రం పాడైపోలేదు. దశాంశ పద్ధతిలో మూడో వంతును ఎంత దూరం రాసుకుంటూ పోయినా ఎలా పూర్తికాదో, సున్నాలతో ఒకట్లతో మాత్రమే లెక్కించే పద్ధతిలో పదో వంతు కూడా అలాగే ఎప్పటికీ ముగియదు. ఎక్కడో ఒకచోట కత్తిరించక తప్పదు. కత్తిరింపులో పోయే భాగం అతి స్వల్పం గనుక, ముచ్చటగా చెప్పుకుని పాఠంలో ముందుకు వెళ్లిపోతాం.

గల్ఫ్ యుద్ధ కాలంలో, 1991 ఫిబ్రవరి 25న, సౌదీ అరేబియాలోని దహ్రాన్ వద్ద ఒక పేట్రియాట్ క్షిపణి రక్షణ వ్యవస్థ విఫలం కావడానికి కారణం ఈ స్వల్పమైన భాగమే. ఆ వ్యవస్థ కాలాన్ని సెకనులో పదో వంతు చొప్పున లెక్కపెట్టుకునేది. ఆ పదో వంతును 24 బిట్లలో, అంటే 24 సున్నా-ఒకట్ల స్థానాల్లో, ఇమిడ్చినందువల్ల వచ్చిన తేడా, వ్యవస్థ ఆగకుండా 100 గంటలు నడిచేసరికి 0.34 సెకన్లకు పెరిగింది. దూసుకువస్తున్న స్కడ్ క్షిపణి ఆ కాస్త సమయంలోనే అర కిలోమీటరుకు పైగా ముందుకు వెళ్తుంది కాబట్టి, వ్యవస్థ దాన్ని వెతికిన చోట అది లేదు. సైనికుల బస మీద పడిన ఆ క్షిపణి వల్ల 28 మంది అమెరికన్ సైనికులు మరణించారు. ఈ లోపం అప్పటికే బయటపడింది. ఎక్కువసేపు నడిపితే గురి తప్పవచ్చునని వాడేవారికి నాలుగు రోజుల ముందే సందేశం కూడా వెళ్లింది; కానీ ఎక్కువసేపు అంటే ఎన్ని గంటలో అందులో రాయలేదు. సరిదిద్దిన సాఫ్ట్‌వేర్ దహ్రాన్ చేరింది ఆ మర్నాడు, ఫిబ్రవరి 26న. ఈ ఉదంతంలోని గణితం కన్నా ఆ సందేశమే నన్ను ఎక్కువగా బాధిస్తుంది. గంటల సంఖ్య ఒక్కటి అందులో ఉండి ఉంటే, మధ్యమధ్యలో వ్యవస్థను ఆపి మళ్లీ మొదలుపెట్టడం అక్కడున్న ఎవరైనా చేయగలిగిన పని. లోపం ఉందని తెలిసినవారికీ యంత్రం ముందు కూర్చున్నవారికీ నడుమ పోయిన ఆ ఒక్క అంకె, ఏ ప్రోగ్రామ్‌లోనూ వెతికితే దొరకని తప్పు.

ఇంతకన్నా లోతుగా చెప్పవలసింది థెరాక్-25 అనే వైద్య యంత్రం కథ. క్యాన్సర్ రోగులకు రేడియేషన్ చికిత్స చేయడానికి కెనడాలో తయారైన ఈ యంత్రం 1985కూ 1987కూ మధ్య కనీసం ఆరుగురు రోగులకు ఇవ్వవలసిన దానికన్నా ఎన్నో రెట్లు ఎక్కువ మోతాదు ఇచ్చింది. వారిలో కొందరు ప్రాణాలు కోల్పోయారు. ఆ యంత్రం రెండు విధాలుగా పనిచేసేది. ఎలక్ట్రాన్ కిరణాన్ని తక్కువ బలంతో నేరుగా పంపడం ఒకటి. చాలా ఎక్కువ బలం గల కిరణాన్ని లోహపు అడ్డు మీదకు పంపి ఎక్స్-కిరణాలుగా మార్చడం రెండోది. బలమైన కిరణం, అడ్డు లేకుండా రోగి మీద పడకుండా చూడడమే ఇక్కడ ప్రాణప్రదమైన సంగతి. అంతకు ముందరి నమూనాలో ఈ పని చూసుకోవడానికి సాఫ్ట్‌వేర్‌తో సంబంధం లేని విడి రక్షణ ఏర్పాట్లు ఉండేవి. కొత్త యంత్రంలో సాఫ్ట్‌వేర్ ఉంది గదా అని వాటిని తీసేశారు. పాత నమూనా సాఫ్ట్‌వేర్‌లో కూడా, ఇప్పుడు చెప్పబోయే లోపమే ఉన్నదనీ, ఆ విడి ఏర్పాట్లు ఉండబట్టే ఎవరికీ హాని జరగలేదనీ తర్వాత తేలింది.

1986 మార్చిలో అమెరికాలోని టెక్సాస్ రాష్ట్రం టైలర్ పట్టణంలో జరిగినది వినండి. ఆపరేటర్ ఎలక్ట్రాన్ చికిత్సకు బదులు పొరపాటున ఎక్స్-కిరణాల అక్షరం టైప్ చేసి, వెంటనే గమనించి, పై బాణం మీటతో వెనక్కి వెళ్లి అక్షరం మార్చారు. రోజూ చేసే పని కాబట్టి చేతివేగం ఎక్కువ. యంత్రంలోని అయస్కాంతాలు సర్దుకోవడానికి ఎనిమిది సెకన్లు పట్టేది. ఆ లోపల జరిగిన మార్పును సాఫ్ట్‌వేర్ పట్టించుకోలేదు. అక్షరం మారినట్టు తెర మీద కనిపిస్తున్నది, లోపల మాత్రం కిరణం పాత బలంతోనే సిద్ధంగా ఉన్నది. మీట నొక్కగానే “మాల్‌ఫంక్షన్ 54” అన్న సందేశం వచ్చింది. దాని అర్థమేమిటో తెలుసుకోవడానికి ఆపరేటర్‌కు తగిన వివరణ ఎక్కడా లేదు. అటువంటి సందేశాలు తరచూ వచ్చేవి, ముందుకు సాగడానికి ఒక్క మీట నొక్కితే సరిపోయేది. ఆ మీట నొక్కారు. లోపలి గదిలో రోగి విద్యుదాఘాతం తగిలినట్టు విలవిలలాడుతున్నారు. గదిని చూపించే వీడియో, మాట వినిపించే పరికరం రెండూ ఆ రోజు పనిచేయడం లేదు. ఆ తర్వాత తయారీ సంస్థ నుంచి వచ్చిన ఇంజనీర్లు, ఈ యంత్రం ఎక్కువ మోతాదు ఇవ్వడం అసాధ్యమన్నారు. కరెంటు లోపమేమోనని తనిఖీ చేస్తే అదేమీ లేదని తేలింది. యంత్రాన్ని మళ్లీ వాడుకలోకి తెచ్చారు. ఏప్రిల్ 11న అక్కడే, అదే ఆపరేటర్ చేతుల మీదుగా, అదే సందేశంతో రెండో ప్రమాదం జరిగింది.

నిజం బయటపడింది ఆ ఆసుపత్రిలోనే. అక్కడి భౌతికశాస్త్ర నిపుణుడు యంత్రాన్ని ఆపించి, ఆపరేటర్‌ను పక్కన కూర్చోబెట్టుకుని, ఆ రోజు ఏ వరుసలో, ఎంత వేగంతో టైప్ చేశారో గుర్తు చేసుకుంటూ, ఇద్దరూ కలిసి అదే పని మళ్లీ మళ్లీ చేశారు. చివరకు ఆ సందేశాన్ని తమ ఇష్టప్రకారం రప్పించగలిగారు. అసాధ్యమన్న దాన్ని కళ్లెదుట చేసి చూపించాక సంస్థ వాదం నిలవలేదు. శాస్త్రీయ దృక్పథం అంటే ఎలా ఉంటుందని నన్నెవరైనా అడిగితే, నేను ఆ గదినే చూపిస్తాను. అసాధ్యమని చెప్పిన ఇంజనీర్లకు చదువు తక్కువ కాదు. తమ యంత్రాన్ని తాము పరీక్షించవలసిన వస్తువుగా వారు చూడలేదు, అంతే.

ఆసుపత్రిలో కనీసం భౌతికశాస్త్రం తెలిసిన మనిషి ఉన్నారు. బ్రిటన్‌లో పోస్టాఫీసులు నడిపిన సామాన్యులకు ఆ అండ కూడా లేదు. అక్కడి పోస్ట్ ఆఫీస్ సంస్థ 1999 నుంచి ఫుజిత్సూ కంపెనీకి చెందిన హొరైజన్ అనే లెక్కల సాఫ్ట్‌వేర్‌ను తన శాఖలన్నిటిలో ప్రవేశపెట్టింది. సాయంత్రం లెక్క చూసుకుంటే, ఉండవలసిన డబ్బు లేనట్టు తెర మీద కనిపించేది. లోటు వస్తే శాఖ నడిపేవారే పూడ్చాలని ఒప్పందం. సొంత డబ్బు కట్టినవారు కట్టారు, కట్టలేనివారి మీద దొంగతనం, తప్పుడు లెక్కల కేసులు పడ్డాయి. 2015 వరకు 900 మందికి పైగా శిక్షలు పడ్డాయి. కొందరు జైలుకు వెళ్లారు, ఎందరో దివాలా తీశారు. సహాయం కోసం ఫోన్ చేసినవారిలో చాలామందికి, ఈ ఇబ్బంది మీ ఒక్కరికే వచ్చిందన్న జవాబు దొరికింది. ఎవరికి వారు తమది ఒంటరి పోరాటం అనుకున్నారు. ఒకప్పుడు పోస్టాఫీసు నడిపిన అలన్ బేట్స్ ముందుండి నడిపిన 555 మంది దావాలో, 2019 డిసెంబరులో హైకోర్టు ఆ సాఫ్ట్‌వేర్‌లో లోపాలున్నాయని, వాటివల్ల లెక్కల్లో లోటు కనిపించే అవకాశం ఉన్నదని తేల్చింది. శిక్షలను మూకుమ్మడిగా రద్దు చేసే చట్టం 2024లో గానీ రాలేదు.

ఇందులో చట్టం పాత్ర కూడా ఉంది. కంప్యూటర్ రికార్డును సాక్ష్యంగా పెట్టేవారు ఆ కంప్యూటర్ సరిగ్గా పనిచేస్తున్నదని చూపించాలన్న నియమం ఇంగ్లండ్ చట్టంలో 1984 నుంచి ఉండేది. 1999లో చేసిన చట్టంతో దాన్ని తీసేశారు. ఆ తర్వాత, లోపం ఉన్నదని ఎదుటివారు చూపించనంత వరకు యంత్రం సరిగ్గానే పనిచేస్తున్నట్టు భావించడం న్యాయస్థానాల పద్ధతి అయింది. చూడడానికి ఇది సబబుగానే ఉంటుంది. కానీ ప్రోగ్రామ్ ఎవరి దగ్గర ఉంది, లోపాల జాబితా ఎవరి బీరువాలో ఉంది? ఊరి పోస్టాఫీసు నడిపే మనిషి తన చేతిలో లేని యంత్రంలో తప్పు ఎక్కడుందో చూపించాలనడం, నిర్దోషిత్వాన్ని నిరూపించుకొమ్మని చెప్పడమే.

ఇవన్నీ విని సాంకేతికతకే దూరంగా ఉండాలనేవారితో నేను ఏకీభవించను. సరిచూడకుండా నమ్మడం ఎంత తప్పో, సరిచూడకుండా తిరస్కరించడమూ అంతే తప్పు. పైగా, ప్రోగ్రామ్‌ను ఎవరైనా చూడడానికి వీలుగా తెరిచి ఉంచితే ఏం జరుగుతుందో చెప్పే మంచి ఉదాహరణ మన కాలంలోనే ఉంది. 2024 మార్చిలో ఆండ్రెస్ ఫ్రోయిండ్ అనే ఇంజనీర్ ఏదో పరీక్ష చేసుకుంటూ, దూరంలోని కంప్యూటర్‌లోకి లాగిన్ కావడానికి మామూలు కన్నా అర సెకను ఎక్కువ పడుతున్నదని గమనించారు. మరొకరైతే వదిలేసేవారు. ఆయన ఆ ఆలస్యం వెంట పోయి, లినక్స్ అనే ఆపరేటింగ్ సిస్టమ్‌తో నడిచే కంప్యూటర్లలో విస్తృతంగా వాడే ఎక్స్‌జెడ్ అనే ఫైళ్ల కుదింపు సాఫ్ట్‌వేర్‌లో ఎవరో దొంగదారి పెట్టారని కనిపెట్టారు. మారుపేరుతో వచ్చిన వ్యక్తి రెండేళ్లకు పైగా ఓపికగా మంచి పనులు చేస్తూ, దాని నిర్వాహకుడి నమ్మకం సంపాదించి, తర్వాత ఈ పని చేశారు. తెరిచి ఉంచడం వల్లనే దొంగ లోపలికి రాగలిగాడు గదా అని మీరు అడగవచ్చు, నిజమే. కానీ ఎవరి అనుమతీ అడగనక్కరలేకుండా లోపలి భాగాలు విప్పి చూడగలగడం వల్లనే, ఏ సంబంధమూ లేని ఒక ఇంజనీర్ దాన్ని పట్టుకోగలిగారు. హొరైజన్ తెర ముందు కూర్చున్నవారికి లేనిది సరిగ్గా ఈ అవకాశమే.

కృత్రిమ మేధ వచ్చాక ప్రశ్న మరింత జటిలమైంది. మామూలు ప్రోగ్రామ్‌లో తప్పు ఫలానా వరుసలో ఉన్నదని వేలు పెట్టి చూపించవచ్చు. కోట్లాది సంఖ్యలను సర్దుకుంటూ ఉదాహరణల నుంచి నేర్చుకున్న వ్యవస్థలో అటువంటి వరుస ఉండదు. అందుకని చేతులెత్తేయవలసిన పనిలేదు, బయటి నుంచి పరీక్షించవచ్చు. 2018లో జోయ్ బువోలమ్వినీ, టిమ్నిట్ గెబ్రూ అనే పరిశోధకులు చేసింది అదే. ముఖం చూసి ఆడో మగో చెప్పే మూడు వాణిజ్య వ్యవస్థలకు వేర్వేరు చర్మఛాయల ఫోటోలు ఇచ్చి చూశారు. తెల్లని చర్మం గల పురుషుల విషయంలో తప్పులు అత్యధికంగా 0.8 శాతం, నల్లని చర్మం గల స్త్రీల విషయంలో అత్యధికంగా 34.7 శాతం. అందరినీ కలిపి ఒకే సగటు చెప్పినంత కాలం ఈ తేడా కనిపించదు. ఫలితాలు ప్రచురించాక ఆ కంపెనీలు తమ వ్యవస్థలను మెరుగుపరిచాయి. లోపలి రహస్యాలు ఎవరూ విప్పి చెప్పకపోయినా, సరైన ప్రశ్న అడిగితే ఎంత తెలుసుకోవచ్చో ఇది చూపిస్తుంది.

అందుచేత నేను కోరేవి పెద్ద కోరికలేమీ కావు. ఒక మనిషికి నష్టం కలిగించే నిర్ణయం యంత్రం చేసినప్పుడు, ఆ నిర్ణయానికి తన పేరుతో జవాబు చెప్పే మనిషి ఒకరుండాలి. తెర ముందు కూర్చున్న ఉద్యోగికి ఆ నిర్ణయాన్ని ఆపి పైకి పంపే అధికారం ఉండాలి, ఆపినందుకు ఉద్యోగానికి ముప్పు రాకూడదు. తెలిసిన లోపాల జాబితా వాడేవారికి అందుబాటులో ఉండాలి. మా చదువుల్లో కూడా మార్పు రావాలి. ప్రోగ్రామ్ ఎలా రాయాలో మాకు ఎన్నో తరగతుల్లో నేర్పుతారు; థెరాక్ మీద నాన్సీ లెవెసన్, క్లార్క్ టర్నర్ 1993లో ప్రచురించిన దర్యాప్తు వ్యాసం వంటివి మాత్రం ఇష్టమున్నవారు వెతుక్కుని చదవాలి. అటువంటి నివేదికలను కూర్చుని వాక్యం వాక్యం చదివే పాఠం ఒక్కటైనా, పరీక్ష మార్కులతో సహా, ప్రతి ఇంజనీరింగ్ విద్యార్థికీ ఉండాలని నా గట్టి అభిప్రాయం.

శ్రోతలకు కూడా ఒక విన్నపం. యంత్రం మీ విషయంలో పొరబడిందని అనిపిస్తే, తెర మీద వచ్చిన సందేశాన్ని ఉన్నది ఉన్నట్టు రాసుకోండి లేదా ఫోటో తీసుకోండి; అప్పుడు సమయమెంత, అంతకు ముందు మీరేం నొక్కారు, ఏ వరుసలో నొక్కారు అన్నవి కూడా అదే కాగితం మీద పెట్టండి. తప్పును మళ్లీ రప్పించి చూపించాలంటే మా వంటి వారికి మొదట కావలసినవి ఆ వివరాలే.

సెలవు. నమస్కారం.