సందుల్లో 360 కెమెరాతో ఫోటోలు: ముందు టైమ్ కలపండి

అందరికీ నమస్తే అండీ. ఇది విజయవాడ వన్ టౌన్‌లో ఒక సందు, రెండు స్కూటర్లు ఎదురెదురొస్తే ఒకటి ఆగాల్సిందే. కారు మీద కెమెరా పెట్టి వీధుల ఫోటోలు తీసి మ్యాప్‌లో చూపించే గూగుల్ స్ట్రీట్ వ్యూ 2022లో హైదరాబాద్‌తో కలిపి పది సిటీలకి వచ్చింది, బానే ఉంది, కానీ ఈ సందులోకి కారు ఎలా పడుతుంది చెప్పండి, మనమే తియ్యాలి. తీసి మ్యాపిలరీ అనే వీధి ఫోటోల సైట్‌లో పెడితే ఎవరైనా చూసుకోవచ్చు, ఇది 2013లో స్వీడన్‌లో మొదలైంది, 2020 నుంచి ఫేస్‌బుక్ వాళ్ళ చేతిలో ఉంది.

ఫోన్ ఒక్కటే ఉన్నా మొదలెట్టేయొచ్చు, హ్యాండిల్‌కి హోల్డర్ బిగించి మ్యాపిలరీ యాప్ ఆన్ చేస్తే బండి కదిలే కొద్దీ అదే తీసుకుంటూ పోతుంది. కాకపోతే ఫోన్ ముందుకే చూస్తుంది, పక్కనున్న షాపు బోర్డులు ఏటవాలుగా పడి చదవడానికి రావు. 360 కెమెరాకి ముందొక లెన్స్ వెనకొక లెన్స్, రెండూ అతికిస్తే చుట్టూ ఉన్నదంతా ఒకే ఫోటోలోకి వస్తుంది.

[స్క్రీన్ మీద: స్కూటర్ వెనక కర్ర, దాని చివర కెమెరా]

కర్ర హెల్మెట్ కంటే ఒక జానెడు పైకి ఉంటే చాలు, ఇంకా ఎత్తు పెట్టకండి, సందుల్లో కేబుల్ వైర్లు ఎంత కిందకి వేలాడుతుంటాయో మీకు తెలుసుగా. నేను రెండు సెకన్లకి ఒక ఫోటో పెడతాను, గంటకి 15 కిలోమీటర్ల స్పీడులో వెళ్తే ఎనిమిది మీటర్లకి ఒకటి పడుతుంది, అదే 40లో వెళ్తే 22 మీటర్లు, మధ్యలో నాలుగు షాపులు ఎగిరిపోతాయి.

ఇప్పుడు అసలు విషయం. కొన్ని కెమెరాల్లో జీపీఎస్ ఉండదు, అప్పుడు ఫోన్‌లో జీపీఎక్స్ ట్రాక్, అంటే ఏ టైమ్‌కి ఎక్కడున్నామో రాసుకునే ఫైలు, రికార్డ్ చేసి తర్వాత టైమ్ చూసి రెండూ కలపాలి. ట్రాక్‌లో టైమ్ యూటీసీలో, అంటే ప్రపంచమంతటికీ ఒకటే లెక్కగా వాడే టైమ్‌లో ఉంటుంది, కెమెరాలో మన టైమ్, అంటే ఐదున్నర గంటల తేడా, ఇది చాలామందికి తెలుసు. సెకన్ల తేడానే ఎవరూ చూడరు. ఒక ఆదివారం పొద్దున్నంతా తిరిగి తీశాను, ఇంటికొచ్చి చూస్తే కాళేశ్వరరావు మార్కెట్ బోర్డు ఉండాల్సిన చోటికి 160 మీటర్లు అవతల పడింది, నా కెమెరా గడియారం 40 సెకన్లు ముందుంది అంతే, దాంతో అన్ని ఫోటోలూ జరిగిపోయాయి.

అప్పట్నుంచి బండి స్టార్ట్ చేసే ముందు ఫోన్‌లో సెకన్లు కనపడే గడియారం పెట్టి కెమెరా ముందు పట్టుకుని ఒక ఫోటో తీస్తాను.

[స్క్రీన్ మీద: ఫోన్‌లో 7:12:05, ఫోటో వివరాల్లో 7:12:45]

చూశారా, 40 సెకన్లు. ఏ ఫోటో ఎక్కడ తీసిందో దాని మీద రాసే జియోట్యాగింగ్ సాఫ్ట్‌వేర్‌లో ఫోటోల టైమ్ ఆ 40 సెకన్లు వెనక్కి జరిపితే బోర్డు మార్కెట్ దగ్గరికే వచ్చేసింది.

మొహాలు, నంబర్ ప్లేట్లు మ్యాపిలరీ తనే బ్లర్ చేస్తుంది, అయినా అరుగు మీద కూర్చున్న ఆడవాళ్ళు, ఆడుకునే పిల్లలు మరీ దగ్గరగా పడితే ఆ ఫోటో నేను అప్‌లోడే చెయ్యను, వాళ్ళ వాకిలి అది. ఎవరైనా ఏం తీస్తున్నావు బాబూ అనడిగితే ఆగి చూపించండి.

అప్‌లోడ్ అయ్యాక ఫోటోలు కనపడటానికి కొంచెం టైమ్ పడుతుంది. వచ్చాక, ఎవరైనా మార్చగలిగే ఉచిత మ్యాప్ అయిన ఓపెన్ స్ట్రీట్ మ్యాప్ ఎడిటర్‌లో మ్యాపిలరీ లేయర్ ఆన్ చేసి, మీ ఫోటో పక్కన పెట్టుకుని, బోర్డు చదివి షాపు పేరు తెలుగులోనే టైప్ చెయ్యండి, నేను ముందు మందుల షాపులతో మొదలుపెట్టాను.