సామాను లెక్క తెలిసిన సభ్యుడు: మేజర్ జనరల్ భువన్ చంద్ర ఖండూరీ

అందరికీ నమస్కారం.

సైన్యం నుంచి చట్టసభకు వెళ్ళినవాళ్ళ గురించి చెప్పేటప్పుడు మాట సాధారణంగా పతకాల దగ్గర మొదలవుతుంది. ఖండూరీకీ అతి విశిష్ట సేవా పతకం ఉంది. కానీ ఆయన్ను అర్థం చేసుకోవాలంటే ముందు బెయిలీ వంతెన, అంటే విడి ఇనుప ముక్కలతో అప్పటికప్పుడు బిగించే వంతెన గురించి తెలియాలి. ఆయన 1954 నుంచి 1990 దాకా పనిచేసింది కోర్ ఆఫ్ ఇంజనీర్స్‌లో. తుపాకులతో పాటు వంతెనలు, రోడ్లు, మందుపాతరలు చూసుకునే విభాగం అది. బెయిలీ వంతెనలో ఒక్కో ఇనుప ప్యానెల్ పది అడుగుల పొడవు, ఐదడుగుల ఎత్తు, సుమారు 260 కిలోల బరువు. ఆరుగురు కలిసి మోస్తారు. వాటిని పిన్నులతో బిగిస్తూ, ఇవతలి గట్టు మీదే రోలర్లపై వంతెన పేర్చి, అవతలి ఒడ్డుకు నెడతారు. ముందువైపు తేలికైన ముక్కు ఉంటుంది. వెనకవైపు బరువు చాలకపోతే మొత్తం ముందుకు ఒరిగి నదిలో పడుతుంది. పిన్నులు తక్కువ పడితే ఎంత ధైర్యమున్న దళమైనా ఇవతలే ఆగిపోతుంది. అందుకే ఈ విభాగంలో అధికారి చేతిలో ముందు ఉండాల్సింది సామాను జాబితా: ఏది ఎంత ఉంది, ఎంత కావాలి, మిగతాది ఎప్పటికి వస్తుంది.

డెహ్రాడూన్‌లో 1934 అక్టోబరు 1న పుట్టిన ఖండూరీ, 1971 యుద్ధంలో రెజిమెంటుకు నాయకత్వం వహించి, మేజర్ జనరల్‌గా విరమించారు. యూనిఫాంలో ఉన్నంతకాలం సైనికుడికి రాజకీయాలు నిషిద్ధం. రాజ్యాంగం 33వ అధికరణం కింద పార్లమెంటు అలాంటి పరిమితులు పెట్టగలదు. విరమణ తర్వాత ఆ అడ్డు లేదు. 1991లో భారతీయ జనతా పార్టీ తరఫున ఇప్పటి ఉత్తరాఖండ్‌లోని గఢ్వాల్ నుంచి లోక్‌సభకు వచ్చారు, 1996లో ఓడారు, 1998, 1999, 2004లలో వరసగా గెలిచారు. గఢ్వాల్‌లో సైన్యంతో సంబంధం లేని ఊరు దొరకడం కష్టం. మాజీ జనరల్‌కు అక్కడ ఓటు సులువుగా పడుతుందని అనుకుంటాం గానీ, 1996 ఫలితం ఆ మాటను నిలబెట్టలేదు.

2000 నవంబరులో వాజ్‌పేయి ఆయనకు రోడ్డు రవాణా, జాతీయ రహదారుల శాఖను స్వతంత్ర హోదాతో అప్పగించారు. 2003లో క్యాబినెట్ హోదా ఇచ్చారు. స్వర్ణ చతుర్భుజి అప్పటికే మొదలైంది: ఢిల్లీ, ముంబై, చెన్నై, కోల్‌కతాలను కలుపుతూ 5,846 కిలోమీటర్లు, నాలుగు లేదా ఆరు వరసలు. అన్ని రాష్ట్రాల్లోకీ ఎక్కువ వాటా మనదే. ఇచ్ఛాపురం నుంచి తడ దాకా వెయ్యి కిలోమీటర్ల పైచిలుకు ఆంధ్రప్రదేశ్‌లోనే పడింది. అప్పటి ఐదో నంబరు జాతీయ రహదారి, ఇప్పటి పదహారో నంబరు. డబ్బుకు ప్రధాన ఆధారం పెట్రోలు, డీజిలు మీద లీటరుకు రూపాయి సెస్సు. 2000 నాటి కేంద్ర రహదారి నిధి చట్టం దానికి పునాది వేసింది.

డబ్బు ఉన్నంత మాత్రాన రోడ్డు పడదు. ముందు నేల చేతికి రావాలి. జాతీయ రహదారుల చట్టంలో ఆ వరస ఇలా ఉంటుంది. 3ఎ ప్రకటనతో ఏయే సర్వే నంబర్లు కావాలో చెబుతారు. 21 రోజుల్లో 3సి కింద అభ్యంతరాలు వినిపించుకోవచ్చు. తర్వాత 3డి ప్రకటన రాగానే భూమి కేంద్రానికి దఖలు పడుతుంది. 3జి కింద పరిహారం తేలుస్తారు. చాలలేదనుకునే రైతు ఆర్బిట్రేటర్ దగ్గరికి వెళ్ళవచ్చు. 3ఎ నుంచి 3డికి ఏడాది గడువు. అది దాటితే మొదటి ప్రకటన మురిగిపోతుంది, మళ్ళీ మొదటి నుంచి రావాలి. రెవెన్యూ కార్యాలయంలో ఒక్క ఫైలు కదలకపోతే చాలు, ఇరవై కిలోమీటర్ల ముక్క ఆగిపోతుంది. ఈలోగా కాంట్రాక్టరు యంత్రాలు దింపి ఉంటాడు. పని లేక నిలిచిన రోజులకు పరిహారం దావా వేస్తాడు. నేల వచ్చాక కూడా కరెంటు స్తంభాలు, నీటి గొట్టాలు, చెట్ల నరికివేతకు అటవీ అనుమతి, దారికి అడ్డొచ్చే గుళ్ళు, దర్గాలు, రైల్వే పైవంతెనలు ఉంటాయి. ఒక్కోటి ఒక్కో శాఖది. ఎక్కడ ఏది అడ్డుపడిందో ముక్కముక్కగా వెతికి పట్టుకునే పని ఇది. సైనిక ఇంజనీరుకు ఈ పద్ధతి కొత్తేమీ కాదు.

అయినా 2003 చివరి గడువు దాటిపోయింది. మొత్తం పూర్తయినట్టు ప్రకటన 2012 జనవరికి గానీ రాలేదు. ఈ రోడ్డు కథలో సత్యేంద్ర దూబే పేరు చెప్పకుండా ముందుకు పోకూడదు. జాతీయ రహదారుల సంస్థలో యువ ఇంజనీరు. పెద్ద కాంట్రాక్టులను చిన్నవాళ్ళకు ముక్కలు చేసి ఇచ్చేస్తున్నారని, నాణ్యత లేదని ప్రధాని కార్యాలయానికి రాశాడు. తన పేరు బయటపెట్టవద్దని వేడుకున్నాడు. పేరు గుట్టుగా ఉండలేదు. 2003 నవంబరు 27న గయలో ఆయన్ను కాల్చి చంపారు. దోపిడీకి వచ్చినవాళ్ళు చేసిన హత్యగా కోర్టు ముగ్గురికి శిక్ష వేసింది. కానీ ఫిర్యాదుదారు పేరు దాచలేని వ్యవస్థ లోపం ఆ తీర్పుతో చెరిగిపోలేదు. కిలోమీటర్లు లెక్కపెట్టగలిగిన మంత్రిత్వం, ఆ కిలోమీటర్ల నాణ్యత గురించి నిజం చెప్పినవాణ్ణి కాపాడే ఏర్పాటు చేయలేదు. ఖండూరీ పదవీకాలంలో ఇదే పెద్ద లోటు.

2007లో ఉత్తరాఖండ్ ముఖ్యమంత్రి అయ్యారు. ఆయన ఖాళీ చేసిన లోక్‌సభ స్థానానికి మరో మాజీ సైనికాధికారి, లెఫ్టినెంట్ జనరల్ టీపీఎస్ రావత్ ఎన్నికయ్యారు. 2009లో ఖండూరీకి ముఖ్యమంత్రి పదవి పోయింది, 2011 సెప్టెంబరులో మళ్ళీ వచ్చింది. ఆ నవంబరులోనే ముఖ్యమంత్రిని కూడా పరిధిలోకి తెచ్చే లోకాయుక్త బిల్లును శాసనసభలో ఆమోదింపజేశారు. 2012లో పార్టీ ఆయన పేరు మీదే ప్రచారం చేసి 31 సీట్లు తెచ్చుకుంది, కాంగ్రెస్‌కు 32 వచ్చాయి. కోట్‌ద్వార్‌లో ఆయనే ఓడిపోయారు.

అసలు చెప్పాలనుకున్నది 2014 తర్వాతి కాలం గురించి. మళ్ళీ గఢ్వాల్ నుంచి గెలిచి, రక్షణ శాఖ స్థాయీ సంఘానికి అధ్యక్షులయ్యారు. ఇలాంటి సంఘంలో 31 మంది ఉంటారు, 21 మంది లోక్‌సభ నుంచి, 10 మంది రాజ్యసభ నుంచి. మంత్రులకు చోటు లేదు. బడ్జెట్ పెట్టాక సభలకు విరామం ఇస్తారు. ఆ వారాల్లో సంఘం శాఖ పద్దులను తీసుకుని, అధికారులను పిలిచి, పార్టీల గొడవ లేకుండా తలుపులు వేసుకుని ప్రశ్నిస్తుంది. సిఫార్సులకు కట్టుబడాలన్న నియమం లేదు గానీ, ఏం చేశారో మూడు నెలల్లో ప్రభుత్వం జవాబివ్వాలి.

2018 మార్చి 13న వచ్చిన నివేదికలో సైన్యం ఉపాధిపతి వాంగ్మూలం ఉంది. ఆయుధ సామగ్రిలో 68 శాతం పాతకాలానిది, 24 శాతం ప్రస్తుత కాలానిది, అత్యాధునికం 8 శాతం. మూడింటికీ తలా మూడో వంతు ఉండాలన్నది ప్రమాణం. ఆధునికీకరణకు ఇచ్చింది 21,338 కోట్లు. అప్పటికే ఒప్పందాలు కుదిరి నడుస్తున్న 125 పథకాలకు కట్టాల్సిన వాయిదాలే 29,033 కోట్లు. అంటే కొత్తగా ఒక్క తుపాకీ కొనకముందే 7,695 కోట్ల లోటు. బడ్జెట్ పుస్తకం తిరగేసేవాళ్ళకు 21,338 పెద్ద అంకెలాగే కనిపిస్తుంది. పాత బాకీ ఎంతో పక్కన రాస్తేనే దాని అసలు విలువ తేలుతుంది. ఈ రెండు అంకెలనూ ఒకే చోట పెట్టించి, తన పార్టీ ప్రభుత్వం మీదే ఆ నివేదికను సభ ముందుంచడం ఖండూరీ పార్లమెంటు జీవితంలో అన్నిటికంటే గొప్ప పని అని నా నమ్మకం. వేదికల మీద సరిహద్దు వీరుల్ని పొగిడే సభ్యులు చాలామంది ఉన్నారు. వాళ్ళ చేతిలో ఏ తుపాకీ ఉందో అడిగినవాళ్ళు తక్కువ.

ఆ మర్నాడు, మార్చి 14న, సభలో గందరగోళం మధ్య ఆ ఏడాది పద్దులన్నీ గిలటిన్ పద్ధతిలో చర్చ లేకుండా ఆమోదం పొందాయి. రక్షణ పద్దు కూడా అందులోనే. సెప్టెంబరులో సంఘాలను మళ్ళీ వేసినప్పుడు అధ్యక్ష స్థానం కల్‌రాజ్ మిశ్రాకు వెళ్ళింది. సంఘం గడువు ఏడాదే కాబట్టి మార్పుకు కారణం చెప్పాల్సిన అవసరం ఎవరికీ లేదు. ఏటా ఇలా మారే వీలుంటే, సొంత ప్రభుత్వాన్ని గట్టిగా అడిగే అధ్యక్షుడికి రక్షణ ఏదీ ఉండదు. రక్షణ కొనుగోలు ఒప్పందం ఒక్కోటి ఏళ్ళ తరబడి సాగుతుంది. దాన్ని పరిశీలించే సంఘానికి, అధ్యక్షుడితో సహా, లోక్‌సభ పూర్తికాలం గడువు ఇవ్వాలి. గిలటిన్‌కు వెళ్ళే ముందు కనీసం రక్షణ పద్దు మీద ఆ సంఘం నివేదికను సభ చర్చించి తీరాలన్న నియమం కూడా పెట్టాలి.