సర్టిఫైడ్ స్టిక్కర్ ఎవరిది? పాత లగ్జరీ ఎస్‌యూవీలపై బెంగళూరు ఫోన్-ఇన్

యాంకర్: నమస్కారం. బెంగళూరు తెలుగు శ్రోతలకు స్వాగతం. షోరూముల్లో సర్టిఫైడ్ అని అమ్మే పాత లగ్జరీ స్పోర్ట్స్ ఎస్‌యూవీల గురించి ఈ వారం. ఇలాంటి కార్లు తనిఖీ చేసే ఇంజినీర్‌గారు మనతో ఉన్నారు. మొదటి కాల్ వైట్‌ఫీల్డ్ నుంచి. చెప్పండి సార్.

వైట్‌ఫీల్డ్ కాలర్: హలో, నమస్తే సార్. వినిపిస్తా ఉందా?

నిపుణుడు: వినిపిస్తోందండీ. పక్కన టీవీ కాస్త తగ్గించండి.

వైట్‌ఫీల్డ్ కాలర్: తగ్గించినా సార్. ఏం లేదు, ఒక మకాన్ చూసినా. పోర్షే మకాన్, 2019ది. తెల్లది, లోపల ఎర్ర లెదర్. 41 వేలు తిరిగిండాది, 48 లక్షలు చెప్తా ఉండారు. మా బామ్మర్ది బీఎండబ్ల్యూ తీసుకో అంటాడు, మావాడేమో ఇదే కావాలంటాడు. సర్టిఫైడ్ బండి సార్. మంచిదేనా?

నిపుణుడు: ఎవరి సర్టిఫికెట్టండీ?

వైట్‌ఫీల్డ్ కాలర్: షోరూమోళ్లదే. అద్దానికి స్టిక్కర్ వేసిండారు. 200 పాయింట్లు చెక్ చేసినామన్నారు.

నిపుణుడు: పోర్షే వాళ్ల షోరూమా, అన్ని కంపెనీల కార్లూ అమ్మేదా?

వైట్‌ఫీల్డ్ కాలర్: అన్నీ ఉండాయి సార్. ఆడీ, బెంజ్, ల్యాండ్ రోవర్...

నిపుణుడు: అదీ సంగతి. పోర్షే అప్రూవ్డ్ అనేది పోర్షే సెంటర్, అంటే కంపెనీ సొంత డీలరు, ఇచ్చేది. 111 పాయింట్ల తనిఖీ, కనీసం 12 నెలల కంపెనీ వారంటీ ఉంటాయి. బీఎండబ్ల్యూకి ప్రీమియం సెలెక్షన్, ఆడీకి అప్రూవ్డ్ ప్లస్. ఇవి కాకుండా ‘సర్టిఫైడ్’ అనే స్టిక్కరు ఎవరైనా అచ్చు వేయించుకోవచ్చు. అన్ని బ్రాండ్లూ అమ్మేవాళ్లలో నిజాయితీపరులు లేరనడం లేదు. ఆ 200 పాయింట్ల షీటు మీ చేతికి ఇమ్మనండి. దాని మీద ఛాసిస్ నంబరు, తేదీ, చూసినవాడి సంతకం ఉండాలి. ‘బ్రేకులు ఓకే’ అని టిక్కు పెడితే అది తనిఖీ కాదు. ‘ముందు ఎడమ ప్యాడ్ 6 మిల్లీమీటర్లు’ అని రాస్తే తనిఖీ. నోటిమాట వద్దు, కాగితం అడగండి.

వైట్‌ఫీల్డ్ కాలర్: వారంటీ కూడా ఇస్తామన్నారు సార్, ఒక సంవత్సరం. ఇంజిన్, గేర్‌బాక్స్.

నిపుణుడు: ఇంజిన్, గేర్‌బాక్స్ అంటే ఆ రెండే. మకాన్‌లో ఖర్చు పెట్టించేది గేర్‌బాక్స్ వెనక ఉంటుంది, ట్రాన్స్‌ఫర్ కేసు. ఇంజిన్ శక్తిని ముందు చక్రాలకు పంచే పెట్టె. మకాన్‌లో ఇది పేరుమోసిన ఫిర్యాదు. వారంటీ కాగితంలో ఆ పేరు ఉందేమో చూడండి. ఒక క్లెయిముకు పరిమితి ఎంతో చూడండి. బండి ఖరీదు 48 లక్షలు, క్లెయిము పరిమితి లక్ష అంటే ఏం ఒరుగుతుంది? టర్బో, ఏసీ కంప్రెసరు, ఎలక్ట్రానిక్స్ ఉన్నాయా? రిపేరు ఏ వర్క్‌షాప్‌లో చేస్తారు? ఇవన్నీ టోకెన్ కట్టకముందే చదవాలి.

వైట్‌ఫీల్డ్ కాలర్: సరే సార్. అయితే బండి మంచిదేనంటారా?

నిపుణుడు: (నవ్వుతూ) ఇక్కడ కూర్చుని ఎట్లా చెప్పనండీ? ఎట్లా చూసుకోవాలో చెప్తా, పెన్ను తీసుకోండి. పొద్దున్నే వెళ్లండి, చెప్పకుండా వెళ్లండి. బానెట్ మీద చెయ్యి పెట్టండి. వెచ్చగా ఉంటే మీకంటే ముందే ఎవరో స్టార్ట్ చేశారన్నమాట. చల్లటి ఇంజిన్ మీ చేత్తో స్టార్ట్ చేస్తేనే చైన్ గలగల, పొగ, ఊగుడు తెలుస్తాయి. మీది 2.0 లీటరు నాలుగు సిలిండర్లదా, ఆరు సిలిండర్ల వీ6 ఉన్న మకాన్ ఎస్సా?

వైట్‌ఫీల్డ్ కాలర్: అది... టర్బో అన్నారు సార్.

నిపుణుడు: రెండూ టర్బోలే. వెనక ఎస్ అక్షరం లేకపోతే చాలామటుకు 2.0యే, అయినా ఆర్‌సీలో సీసీ చూసి ఖాయం చేసుకోండి. దాంట్లో వాటర్ పంపు, థర్మోస్టాట్ హౌసింగు ప్లాస్టిక్‌వి. వేడికి వంగి కూలంట్ కారుతుంది. గులాబీ రంగు మరక ఎండి అంటుకుని ఉంటుంది, టార్చి వేసి చూడాలి. కూలంట్ డబ్బాలో మట్టం తక్కువుంటే ‘మామూలేనండీ’ అంటారు. మామూలు కాదు, అది మూసిన వ్యవస్థ. ఇక 2014 నుంచి 2018 వరకూ వచ్చిన ట్విన్ టర్బో వీ6 మకాన్లకు ఇంజిన్ చైన్ మీది టైమింగ్ కవరు దగ్గర ఆయిల్ కారడం వేరే జబ్బు. కవరు బోల్టులు విరుగుతాయి. మీది 2019 కాబట్టి పాత మోడలో కొత్తదో తేల్చుకోండి.

తర్వాత రోడ్డు మీద. మీ వైపు ఎక్కడైనా చిన్న ఎత్తు ఉన్నచోట 40, 60 మధ్య వేగంలో యాక్సిలరేటర్ మెల్లగా తొక్కండి, గట్టిగా కాదు. రోడ్డు నున్నగా ఉన్నా గతుకుల మీద పోతున్నట్టు కుదుపు వస్తే ట్రాన్స్‌ఫర్ కేసును అనుమానించాలి. స్పీడుగా తోలితే ఇది దాక్కుంటుంది. అందుకే సేల్స్ కుర్రాడు ‘స్పోర్ట్ మోడ్‌లో వేసి చూడండి సార్’ అంటాడు.

వైట్‌ఫీల్డ్ కాలర్: అట్లే అన్నాడు సార్! స్పోర్ట్‌లో వేసినా, అబ్బా, ఏం పోయింది...

నిపుణుడు: పోతుందండీ, పోర్షే కదా. మీరు నార్మల్‌లో వేసి ముసలాయన తోలినట్టు తోలండి. టైర్లు ఏ కంపెనీవి?

వైట్‌ఫీల్డ్ కాలర్: కొత్తవి సార్, నల్లగా నిగనిగలాడతా ఉండాయి.

నిపుణుడు: పాలిష్ కొడితే అన్నీ నిగనిగలాడతాయి. టైరు పక్కన నాలుగంకెలు ఉంటాయి. 2321 అంటే 2021లో 23వ వారం. మకాన్‌లో ముందు ఒక సైజు, వెనక ఒక సైజు. ముందు రెండూ ఒకే కంపెనీ, ఒకే డిజైన్, ఒకే అరుగుదల ఉండాలి, వెనక రెండూ అంతే. ఎన్0, ఎన్1 లాంటి ఎన్ గుర్తు ఉంటే పోర్షే ఒప్పుకున్న టైరు. అరుగుదల తేడా ఎక్కువుంటే చక్రాలు వేర్వేరు వేగాల్లో తిరిగి ట్రాన్స్‌ఫర్ కేసులోని క్లచ్ అరుగుతుంది. పొదుపు అని రెండు టైర్లే మార్చినవాడు పెట్టెకు చేటు తెచ్చాడన్నమాట. బ్రేకు డిస్కు మీద కనీస మందం చెక్కి ఉంటుంది, వర్నియర్ పెట్టి కొలిపించండి.

వైట్‌ఫీల్డ్ కాలర్: 41 వేలు నిజమేనా సార్?

నిపుణుడు: మంచి ప్రశ్న. ఛాసిస్ నంబరు పట్టుకుని పోర్షే సెంటర్‌కి పోయి సర్వీస్ చరిత్ర అడగండి. ఓనర్ అనుమతి అడిగితే షోరూమ్ వాళ్లచేత ఇప్పించండి. ప్రతి సర్వీసుకూ కిలోమీటర్లు, తేదీ ఉంటాయి. రెండేళ్లకోసారి బ్రేక్ ఆయిల్ మారిందా చూడండి. తర్వాత పాత ఇన్సూరెన్స్ పాలసీ. ఒకే ఓనరు, ఐదేళ్లు క్లెయిము లేకపోతే నో క్లెయిమ్ బోనస్ 50 శాతం ఉండాలి. సున్నా ఉంటే ఎందుకని అడగండి. ఓనరు బోనస్‌ను కొత్త కారుకు మార్చుకుని ఉండొచ్చు. లేదా పెద్ద గుద్దుడే అయ్యుండొచ్చు. పెయింట్ మీటరు పెట్టించండి. కంపెనీ పెయింటు మామూలుగా 100 నుంచి 150 మైక్రాన్లు ఉంటుంది. ఒక డోరు 250 అంటే మళ్లీ పెయింటు వేశారు, 500 దాటితే లోపల పుట్టీ. డోరుకు పెయింటు పడితే ఫరవాలేదు. రూఫ్‌ను మోసే స్తంభాలకు, రూఫ్ అంచుకు పడితే వదిలేయండి.

యాంకర్: సార్, లైన్లో చాలామంది...

వైట్‌ఫీల్డ్ కాలర్: ఒక్కటే సార్, ఒక్కటే. రేపటికల్లా 50 వేలు టోకెన్ కట్టకపోతే వేరేవాళ్లకు పోతుందంటా ఉండారు.

నిపుణుడు: పోనివ్వండి! తెల్ల మకాన్ అదొక్కటే కాదు. లిఫ్ట్ ఎక్కించి అడుగు చూసిన తర్వాతే టోకెన్. తనిఖీలో తేడా వస్తే టోకెన్ వాపసు అని రసీదు మీదే రాయించండి. బయట కొన్న కారుకైనా పోర్షే సెంటర్‌లో 111 పాయింట్లు డబ్బు కట్టి చేయించి, పాసైతే వాళ్ల వారంటీ కొనుక్కునే దారి ఉంది, వయసూ కిలోమీటర్లూ పరిమితిలో ఉంటే. అది అడగండి.

యాంకర్: థ్యాంక్యూ సార్. తర్వాత మహదేవపుర నుంచి.

మహదేవపుర కాలర్: నమస్తే అన్నా. హైదరాబాద్‌ల రేంజ్ రోవర్ స్పోర్ట్ చూసిన, డీజిల్, 2018. ఇక్కడికంటె ఆరు లక్షలు తక్కువకే ఇస్తమంటున్రు. టీఎస్ నంబర్.

నిపుణుడు: ఆరు లక్షలు ఆర్‌టీఓ దగ్గర పోతాయి. కర్ణాటకలో 12 నెలలకు మించి ఉంచితే ఇక్కడి నంబరు, ఇక్కడి లైఫ్‌టైమ్ ట్యాక్సు. 20 లక్షలు దాటిన కారుకు 18 శాతం శ్లాబు, పైన సెస్. కారు వయసును బట్టి తగ్గిస్తారు కానీ లెక్క మీరు కొన్న ధర మీద కాదు, కొత్తకారు ధర మీద. అక్కడి ఆర్‌టీఓ నుంచి ఫారం 28, అంటే ఎన్‌ఓసీ, తెచ్చుకోవాలి. అక్కడి ట్యాక్సు వాపసుకు వేరే తిరగాలి. ముందు కే.ఆర్.పురంలో లెక్క వేయించుకుని, ఆపైన బేరం. బండి సంగతి చెప్పాలంటే, 3.0 డీజిల్‌లో క్రాంక్ బేరింగులు పోయి ఇంజిన్ పట్టేసిన కేసులు ఉన్నాయి. ఆయిల్ ఎప్పుడెప్పుడు మార్చారో బిల్లులు లేకపోతే నేనైతే ముట్టుకోను. ఎయిర్ సస్పెన్షన్ కోసం రాత్రి నిలబెట్టి, పొద్దున నాలుగు చక్రాల దగ్గర ఎత్తు టేపుతో కొలవండి. ఒక మూల దిగితే గాలి పోతోంది. కంప్రెసరు దానికోసం ఊరికే తిరిగి తిరిగి చస్తుంది.

మహదేవపుర కాలర్: ఇంకొకటి అన్నా, బీమా...

యాంకర్: సమయం తక్కువుంది, క్షమించాలి. హోసూరు నుంచి కాలర్, హలో?

హోసూరు కాలర్: ...చెన్నై బండి సార్, నీళ్లలో... (లైన్ కట్)

నిపుణుడు: కట్టయినా ప్రశ్న అర్థమైంది. మునిగిన బండిని ఎట్లా గుర్తుపట్టాలనే కదా. చెన్నైలో 2015 డిసెంబరు, 2023 డిసెంబరు వరదలు. మన ఊళ్లో 2022 సెప్టెంబరులో ఔటర్ రింగ్ రోడ్డు, యమలూరు. ఖరీదైన లేఅవుట్లలోనే ఖరీదైన కార్లు మునిగాయి. సీట్‌బెల్టు చివరిదాకా లాగండి. లోపల చుట్టుకున్న చోట బురద గీత ఉంటుంది, దాన్నెవరూ కడగరు. సీటు పట్టాల బోల్టులకు తుప్పు, కార్పెట్ కింద స్పాంజిలో తేమ, డిక్కీ అడుగున ఒండ్రు. వీటిలో చాలా కార్లకు కంట్రోల్ యూనిట్లు సీటు కింద, కాళ్ల దగ్గర ఉంటాయి. ఇవాళ నడుస్తుంది, ఆర్నెల్లకు కనెక్టర్లు పచ్చబడి ఒక్కొక్కటీ పోతుంది. నీళ్లు దూరినదానికి వారంటీ రాదు.

యాంకర్: హెచ్ఎస్ఆర్ లేఅవుట్ నుంచి మేడమ్.

హెచ్ఎస్ఆర్ కాలర్: నమస్కారమండీ. 2021 ఎక్స్5, 30డీ, బీఎండబ్ల్యూ డీలర్ దగ్గరే. ధర 55 లక్షలు. దాని మీద 18 శాతం జీఎస్టీ వేరే అంటున్నారు. నిజమేనా?

నిపుణుడు: కాదమ్మా. పాత కార్ల మీద 2025 జనవరి నుంచి 18 శాతమే, కానీ అది డీలరు లాభం మీద. వాళ్లు 50కి కొని 55కి అమ్మితే తేడా 5 లక్షలు, పన్ను 90 వేలు. మొత్తం 55 మీద కాదు. చెప్పిన ధరలో అది కలిసిందా అని రాతపూర్వకంగా అడగండి. 10 లక్షలు దాటింది కాబట్టి టీసీఎస్, అంటే అమ్మేటప్పుడే పట్టే ఆదాయపు పన్ను, 1 శాతం, 55 వేలు, వసూలు చేస్తారు. అది పోయే డబ్బు కాదు, రిటర్న్‌లో సర్దుబాటవుతుంది. పాన్ సరిగ్గా రాయించండి.

హెచ్ఎస్ఆర్ కాలర్: ఆర్‌సీ ఇంకా పాత ఓనరు పేరు మీదే ఉంది. బ్యాంకు లోన్ కూడా కనిపిస్తోంది.

నిపుణుడు: ఓనరు పేరు ఉండటం తప్పు కాదు. 2023 ఏప్రిల్ నుంచి నమోదైన డీలరు కారు తీసుకుంటే ఫారం 29సీతో పోర్టల్‌లో తెలపాలి, ఆ రసీదు చూపమనండి. అది లేకపోతే డీలరు కొనకుండా, ఓనరు తరఫున నిలబెట్టి అమ్ముతుండొచ్చు. అప్పుడు బిల్లు ఎవరిస్తారో, వారంటీ ఎవరిదో తేల్చుకోవాలి. లోను తీరిందనడానికి బ్యాంకు ఎన్‌ఓసీ, ఆర్‌సీలో లోను తీసేయడానికి ఫారం 35. ఇవి వచ్చేదాకా పూర్తి డబ్బు వద్దు. తర్వాత పేరు మార్పుకు ఫారం 29, 30. కారు మీకు బదిలీ అయిన 14 రోజుల్లోపు ఇన్సూరెన్సు మీ పేరుకు మార్చమని దరఖాస్తు చేయండి. పాత ఓనరు బోనస్ మీకు రాదు.

హెచ్ఎస్ఆర్ కాలర్: ఆఫీసు ఆరు కిలోమీటర్లే. డీజిల్ సరేనా?

నిపుణుడు: సిల్క్ బోర్డు ట్రాఫిక్‌లో ఆరు కిలోమీటర్లా? పెట్రోల్ చూసుకోండమ్మా. డీజిల్ కారు పొగలోని మసిని పట్టే ఫిల్టరు ఆ మసిని కాల్చి శుభ్రం చేసుకోవాలంటే పొగగొట్టం బాగా వేడెక్కాలి. తీసుకుంటే స్కానర్‌లో మసి ఎంత ఉందో చూపమనండి, వారానికోసారి నైస్ రోడ్డు మీద అరగంట ఏకబిగిన తోలండి. గేర్‌బాక్స్ ఆయిల్ జీవితకాలం అంటారు. ఆ గేర్‌బాక్స్ తయారుచేసే జెడ్ఎఫ్ మాత్రం 80 వేలు నుంచి లక్షా 20 వేల కిలోమీటర్లలోపు మార్చమంటుంది.

యాంకర్: ధన్యవాదాలు మేడమ్. చివరి కాల్... వైట్‌ఫీల్డ్?

వైట్‌ఫీల్డ్ కాలర్: మళ్లీ నేనే సార్. షోరూముకి ఫోన్ చేసినా. లిఫ్ట్ ఎక్కించేదానికి కుదరదంట, ఆదివారం మెకానిక్ లేడంట. స్కానర్ పెట్టినాము, ఎర్రర్ కోడ్లు ఒక్కటీ లేవంటా ఉండారు. మంచిదే కదా?

నిపుణుడు: నిన్న కోడ్లు చెరిపేస్తే ఇవాళ ఒక్కటీ ఉండదు. స్కానర్‌లో రెడీనెస్ మానిటర్లు, అంటే కారు తనను తాను చేసుకునే పరీక్షలు, పూర్తయ్యాయా అని అడగండి. పూర్తవలేదంటే ఈమధ్యే చెరిపారు, లేదా బ్యాటరీ తీశారు.

వైట్‌ఫీల్డ్ కాలర్: టోకెన్ మాత్రం ఈరోజే ఆన్‌లైన్లో వేయమంటా ఉండారు.

నిపుణుడు: మెకానిక్ ఎప్పుడొస్తాడట?

వైట్‌ఫీల్డ్ కాలర్: సోమవారం.

నిపుణుడు: మీ డబ్బులు కూడా సోమవారమే వస్తాయని చెప్పండి.

యాంకర్: సమయం అయిపోయింది. ఫోన్ చేసినవారందరికీ ధన్యవాదాలు.