పిల్లలతో ఇంట్లో చేసే క్రిస్మస్ అలంకరణలు: ఏది చెయ్యొచ్చు, ఏది వద్దు

అందరికీ వందనాలండి. క్రిస్మస్ దగ్గర పడుతోంది, పిల్లలకి సెలవులు కూడా వచ్చేస్తాయి. అందుకే ఈ రివ్యూలో ఇంట్లో పిల్లలతో కలిసి చేసుకునే అలంకరణలన్నీ ఒక్కొక్కటిగా చూద్దాం. స్టార్, కాగితాల గొలుసు, ఉప్పు పిండి బొమ్మలు, పశువుల పాక, వీటితో పాటు షాపుల్లో అమ్మే రెడీమేడ్ కిట్. మార్కులు ఎలా వేస్తానో ముందే చెప్తాను. చూడటానికి ఎంత బాగుంది అనే దానికి నేను పెద్దగా మార్కులు వెయ్యను. పిల్లలు వాళ్ల చేతులతో ఎంత చేశారు, ఇంట్లో వస్తువులతో అయిపోతుందా, పండగ అయ్యేదాకా ఊడిపోకుండా ఉంటుందా, ఇవే చూస్తాను.

ముందు కిట్ సంగతి చెప్పేస్తాను. మేము తెచ్చిన కిట్‌లో అన్నీ కత్తిరించే వచ్చాయి, వెనకాల స్టిక్కర్ పీకి అంటించడమే పని. మా చిన్నోడు కూర్చున్నంతసేపు పట్టలేదు, అయిపోయింది, "అమ్మా, ఇంకేం చెయ్యాలి?" అని అడిగాడు. ఆ ప్రశ్నకి ఆ డబ్బాలో జవాబు లేదు. చివరికి అందరి ఇళ్లలో ఒకే బొమ్మ. పదికి మూడు.

ఇప్పుడు స్టార్. ఈ వీడియోలో ఎక్కువసేపు దీని గురించే మాట్లాడతాను, ఎందుకంటే మన దగ్గర క్రిస్మస్ అంటే చెట్టు కన్నా ముందు స్టారే. గుంటూరు వైపు, కృష్ణా, గోదావరి జిల్లాల వైపు డిసెంబర్‌లో రాత్రిపూట బస్సులో వెళ్తుంటే ఏ ఊళ్లో చూసినా డాబాల మీద వెదురు గడలకి కట్టిన స్టార్లు వెలుగుతూ కనిపిస్తాయి. మత్తయి సువార్తలో తూర్పు దేశపు జ్ఞానులకి దారి చూపించిన నక్షత్రం అదే కదా. ఇప్పుడు చాలామంది ప్లాస్టిక్‌వి కొనేస్తున్నారు గానీ, చేత్తో చేసే పద్ధతి మన పెద్దవాళ్లకి బాగా వచ్చు, పిల్లలకి కూడా రావాలని నా కోరిక.

చిన్న స్టార్‌కి కొబ్బరి ఈనెలు చాలు, చీపురులోవి తీసుకోవచ్చు, కాకపోతే కొత్త చీపురులోవి తియ్యండి. పెద్దది కావాలంటే వెదురు బద్దలు. ఒకే పొడవున్న పుల్లలు పది కావాలి, ఈనెలైతే ఒక్కొక్కటి అడుగు పొడవు. ముందు ఐదు పుల్లలతో ఒక నక్షత్రం కట్టాలి: రెండు పుల్లలు పైన కలిసేలా, కింద విడిపోయేలా పెట్టండి, వాటి మీదుగా ఒకటి అడ్డంగా, ఆ అడ్డపుల్ల ఎడమ చివర నుంచి కుడి కాలి చివరకి ఒకటి, కుడి చివర నుంచి ఎడమ కాలి చివరకి ఇంకొకటి. కలిసిన చోటల్లా దారంతో గట్టిగా కట్టాలి. ఇలాంటివి రెండు చేసి, ఒకదాని మీద ఒకటి పెట్టి, ఐదు కొసల దగ్గర మాత్రమే రెండిటినీ కలిపి కట్టెయ్యండి. అసలు మజా ఇప్పుడే ఉంటుంది. మధ్యలో పుల్లలు ఒకదాన్నొకటి దాటే చోట ఐదు మూలలు వస్తాయి, ఒక్కో మూలలో రెండు నక్షత్రాల మధ్యన రెండు అంగుళాల పుల్లముక్క నిలువుగా దూర్చితే, అప్పటిదాకా పలకలా పడి ఉన్న నక్షత్రం కాస్తా పొట్ట ఉబ్బించి లేస్తుంది. పిల్లలు ఆ క్షణంలో మొహం పెట్టే తీరు చూడాలి, నిజంగా.

ఇందులో లెక్కలు కూడా ఉన్నాయండి. జర్మనీలో నీస్కీ అనే ఊళ్లో మొరేవియన్ అనే క్రైస్తవ సంఘం వాళ్ల స్కూల్లో 1830ల్లో పిల్లల చేత కాగితం నక్షత్రాలు చేయించారు, జ్యామితి నేర్పడానికని. వాళ్లది చాలా కొసలుండే నక్షత్రం, మనది ఐదు కొసలది, పాఠం మాత్రం ఒక్కటే. మా అమ్మాయి "పుల్లలన్నీ ఒకే పొడవుంటేనే కొసలు సమానంగా వస్తున్నాయి" అని తనంతట తానే చెప్పింది, నేను నోరు విప్పలేదు.

కాగితం విషయంలో ఒక సలహా: చార్ట్ పేపర్ వద్దు, దాంట్లోంచి వెలుగు రాదు. గాలిపటాలకి వాడే పల్చటి కాగితం తీసుకోండి. సంక్రాంతి దగ్గరలోనే ఉంటుంది కాబట్టి డిసెంబర్ నుంచే గాలిపటాల షాపుల్లో దొరుకుతుంది. ఒక్కో ముక్కా కొలత పెట్టి, అర అంగుళం ఎక్కువ కత్తిరించి, పుల్ల మీదుగా మడిచి అంటించాలి. జిగురుకి మైదా ఉడకబెట్టుకుంటే చాలు, చిన్నపిల్లలు చెయ్యి నోట్లో పెట్టుకున్నా కంగారు ఉండదు. వెనక మధ్యలో బల్బు పెట్టడానికి ఒక భాగం వదిలెయ్యండి. లోపల ఎల్ఈడీ బల్బే పెట్టాలి, పాత ఫిలమెంట్ బల్బు వేడికి కాగితం మాడిపోతుంది, అంటుకోవచ్చు కూడా. వైరు పని పెద్దవాళ్లదే, ఇందులో మాత్రం పిల్లల్ని చెయ్యి పెట్టనివ్వకండి. ఒక లోపం కూడా చెప్పాలి: రాత్రి మంచుకి ఈ కాగితం తడిసి సాగిపోతుంది, రంగు దిగుతుంది. వరండాలో కడితే బాగుంటుంది, డాబా మీదే కావాలంటే పైన పల్చటి ప్లాస్టిక్ షీటు చుట్టాలి. ఆ ఒక్కటి తప్ప వంక పెట్టడానికి లేదు. పదికి తొమ్మిదిన్నర. ఐదేళ్లలోపు వాళ్లు కట్టలేరు, జిగురు రాయడం, పుల్లలు అందివ్వడం చేస్తారు.

వాళ్ల కోసం కాగితాల గొలుసు. ఇది అందరికీ తెలిసిందే, అంగుళం వెడల్పు పట్టీలు కత్తిరించి ఒకదాంట్లో ఒకటి రింగులుగా అంటించడం. రంగు కాగితాలు కొనక్కర్లేదు, పాత పత్రికలు, పెళ్లిపత్రికల కవర్లు కూడా పనికొస్తాయి. స్టేప్లర్ మాత్రం వాడొద్దు, పిన్నులు నేల మీద పడితే కాళ్లకి గుచ్చుకుంటాయి. దీంట్లో నాకు నచ్చే పద్ధతి ఏంటంటే సరిగ్గా 24 రింగులు చేసి, డిసెంబర్ 1 నుంచి రోజుకొకటి తుంచడం, ఒక్కో రింగు లోపల ఆ రోజు చెయ్యాల్సిన పని రాసిపెట్టడం: అమ్మమ్మకి ఫోన్ చెయ్యాలి, పక్కింటి తాతగారికి కేకు ఇచ్చి రావాలి, ఇలాగ. పండగకి ఇంకా ఎన్ని రోజులు అని రోజూ అడిగే పిల్లలకి గొలుసే లెక్క చెప్తుంది. ఎనిమిది.

ఉప్పు పిండి బొమ్మలు. రెండు గ్లాసుల మైదా, ఒక గ్లాసు సన్న ఉప్పు, ఒక గ్లాసు కన్నా కాస్త తక్కువ నీళ్లు, చపాతీ పిండిలా కలపాలి, కల్లుప్పు వేస్తే గరుకుగా వస్తుంది. చపాతీలా కాకుండా కాస్త మందంగా ఒత్తి, డబ్బా మూతలతో గుండ్రంగా కోసి, తడిగా ఉన్నప్పుడే స్ట్రాతో చిల్లు పెట్టాలి, ఎండాక చిల్లు పెడితే పగిలిపోతుంది. పిల్లలు దీంట్లో గంటలు గడిపేస్తారు, ఆకారాలకి అంతే లేదు. కానీ సముద్రం పక్కన ఉండేవాళ్లు, కాకినాడ, మచిలీపట్నం వాళ్లు వినండి, ఉప్పు గాల్లో తేమని పీల్చుకుంటుంది, ఎండిన బొమ్మ కూడా వారం తిరక్కుండా మెత్తబడుతుంది. రెండు మూడు రోజులు తిప్పుతూ బాగా ఎండబెట్టి, రంగు వేశాక పైన వార్నిష్ పూత వెయ్యాలి. కుక్కని పెంచుకునే ఇంట్లో అయితే అందనంత ఎత్తులో కట్టండి, అంత ఉప్పు తింటే దానికి ప్రాణం మీదకొస్తుంది. ఏడు మార్కులు, హైదరాబాద్ లాంటి పొడి ఊళ్లలో ఎనిమిది వెయ్యొచ్చు.

వీటిని కట్టే చెట్టు గురించి ఒక మాట. మన కోస్తాలో సరుగుడు కొమ్మే క్రిస్మస్ చెట్టు, చీరాల, బాపట్ల వైపు తోటలే ఉన్నాయి. బకెట్‌లో తడి ఇసుక పోసి నిలబెడితే చక్కగా ఉంటుంది. కాకపోతే కొసలు సన్నగా వంగిపోతాయి, పిండి బొమ్మల్ని మానుకి దగ్గరగా కట్టి, చివర్లకి కాగితం బొమ్మలే వదిలెయ్యాలి. మంచులా కనిపించాలని దూది పరుస్తారు కదా, దూది దగ్గర కొవ్వొత్తి అస్సలు పెట్టకండి.

పశువుల పాకకి కూడా నా దగ్గర మంచి మార్కులే ఉన్నాయి. ఇటలీలో గ్రేచో అనే ఊళ్లో 1223లో అస్సీసీ ఊరి సన్యాసి ఫ్రాన్సిస్ గారు నిజమైన ఎద్దుని, గాడిదని పెట్టి, గడ్డి పరిచి యేసు పుట్టిన ఈ దృశ్యం చూపించారు. మనకి ఆ గడ్డి కోసం వెతుక్కోవాల్సిన పని లేదు, వరి కోతల కాలం, ఊళ్లో ఎవరిని అడిగినా గుప్పెడు ఇస్తారు. చెప్పుల అట్టపెట్టె పక్కకి పడుకోబెడితే పాక, పైన వరిగడ్డి కప్పు, బంకమట్టితో మరియమ్మ, యోసేపు, గొర్రెలు. మా వాడు గొర్రెల పక్కన గేదెని కూడా చేశాడు, ఉండనిచ్చాను, వాడికి తెలిసిన పశువు అదే. ముందు ఒక పళ్లెంలో మట్టి పోసి, నానబెట్టిన రాగులు గానీ గోధుమలు గానీ చల్లితే పండగ నాటికి పచ్చగా లేస్తాయి, అందుకే డిసెంబర్ 15 దాటకుండా చల్లుకోండి. తొమ్మిది.

ఇక వద్దు అనేవి. విడి గ్లిట్టర్ వద్దండి, అది ప్లాస్టిక్ పొడి, తుడిచినా పోదు, కళ్లలో పడుతుంది. యూరప్‌లో 2023 నుంచి విడి ప్లాస్టిక్ గ్లిట్టర్ అమ్మకాల మీద ఆంక్షలు కూడా వచ్చాయి. మెరుపు కావాలంటే బిస్కెట్ ప్యాకెట్ల లోపలి వెండి రంగు కాగితం కత్తిరించండి. రెండోది, బటన్ సెల్‌తో వెలిగే చిన్న లైట్లు. ఆ బిళ్ల మింగితే రెండు గంటల్లోనే అన్నవాహికని కాల్చేస్తుంది. ఇంట్లో పాకే పిల్లలుంటే వాటిని అసలు తేవద్దు, ఉన్నవాటికి సెల్ మూత స్క్రూ బిగించి ఉందా చూసుకోండి.

పండగయ్యాక స్టార్‌ని పారెయ్యకండి. కాగితం చింపేసి పుల్లల చట్రం అటక మీద పెట్టుకుంటే వచ్చే ఏడాది కాగితం మారిస్తే సరిపోతుంది. మీ ఊళ్లో గాలిపటాల కాగితం ఏ బజార్లో దొరుకుతుందో కింద రాయండి, చాలామంది అదే అడుగుతున్నారు.